పైన చిన్న గుండ్రటి మరక

2003 నవంబరులో ఒక ఆదివారం పొద్దున్న స్టీలు గ్లాసులో కాఫీ కలుపుకుని గదిలోకి తెచ్చుకున్నాను. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోను. గ్లాసు చేతికందిన చోట పెట్టేసి మాటల్లో పడ్డాను. అమ్మ ఫోనంటే తెలుసుగా, తిన్నావా దగ్గర మొదలై పక్కింటి వాళ్ళ పెళ్ళి సంబంధం దాకా వెళ్ళి గానీ ఆగదు. ఫోను పెట్టేసి గ్లాసు తీస్తే, ఆ ముదురు ఎరుపు చెక్క మీద తెల్లగా, కంపాస్ పెట్టి గీసినట్టు ఒక సున్నా.

చొక్కా అంచుతో తుడిచాను. పోలేదు. తడిగుడ్డతో రుద్దాను. ఇంకాస్త తెల్లబడింది.

ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలో, లీడ్స్ నగరానికి కాస్త ఎడంగా, వార్ఫ్ నది ఒడ్డున ఓట్లీ అని చిన్న ఊరుంది. లీడ్స్‌లో నాకు కాంట్రాక్టు మీద ప్రోగ్రామింగ్ పని. సిటీలో అద్దెలు విని కళ్ళు తిరిగి, ఓట్లీలో ఒక పెద్దాయన ఇంట్లో మేడ మీద గది తీసుకున్నాను. రైలు స్టేషను 1965లోనే మూసేశారు, బస్సే గతి. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీ పక్కన సొరుగుల పెట్టె. వాళ్ళు చెస్ట్ ఆఫ్ డ్రాయర్స్ అంటారు. మా ఇళ్ళలో ఆ వస్తువు లేదు, అందుకే నాకు దాని పేరూ తెలీదు. బీరువా కాదు, అల్మారా కాదు, బల్లా కాదు. నడుమెత్తున ఉంటుంది. పైన రెండు పొట్టి సొరుగులు, కింద మూడు పొడుగు సొరుగులు. పైదాంట్లో పాస్‌పోర్టు, మధ్యవాటిలో స్వెట్టర్లు, అట్టడుగున కందిపప్పు డబ్బా, ఆవకాయ సీసా. అవును, ఖరీదైన మహాగని చెక్క సొరుగులో ఆవకాయ. వంటగదిలో పెడితే ఆ వాసనకి పెద్దాయన ఏమంటాడోనని నా భయం.

ఆయనకప్పుడు డెబ్భై ఆరేళ్ళు. రిటైరైన వడ్రంగి. చర్చి బెంచీలు, మెట్లు, కిటికీలు చేసి బతికిన మనిషి. భార్య పోయి మూడేళ్ళయింది. ఆ సొరుగుల పెట్టె ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది. వడ్రంగి ఇంట్లో, పోయిన భార్య సామాను మీద మరక. ఎంత టెన్షన్ పడ్డానో మీరే ఊహించుకోండి.

"సర్, ఒక పొరపాటు జరిగింది" అన్నాను మెట్ల మీంచే.

ఆయన మెల్లగా మేడెక్కి వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చెంప దాదాపు చెక్కకి ఆనేట్టు వంగి, కిటికీ వెలుతురుకి ఎదురుగా చూశాడు. "చెక్కకేం కాలేదు. పాలిష్‌లో తేమ ఇరుక్కుంది, అంతే. నువ్వు నీళ్ళతో తుడిచావు కదూ?" అన్నాడు. నేను మాట్లాడలేదు.

కింద నుంచి స్పిరిట్ సీసా, పాత బనీను గుడ్డ తెచ్చాడు. గుడ్డకి స్పిరిట్ తగిలీ తగలనట్టు అంటించి, గాలిలో ఊపి, ఆ సున్నా మీద ఈకతో నిమిరినట్టు అటూ ఇటూ పోనిచ్చాడు. తెలుపు కరిగిపోతూ వచ్చింది. పై పూత లక్కట. స్పిరిట్‌లో లక్క కరిగించి గుడ్డతో పొరలు పొరలుగా పట్టించే పద్ధతికి ఫ్రెంచి పాలిష్ అని పేరు. అది 19వ శతాబ్దంలో వచ్చిన ఫ్యాషన్. ఈ పెట్టె అంతకు ముందుది, 1770 ప్రాంతంలో చేసింది. అప్పట్లో దీనికి అవిసె నూనో మైనమో రుద్ది ఉంటారు. తర్వాత ఎవరో మెరుపు కోసం లక్క కొట్టించారు.

"లక్క ఎక్కణ్ణించి వస్తుందో తెలుసా?" అన్నాడు. నాకు తెలీదు. "మీ దేశం నుంచే. పురుగు పెట్టే జిగురు." నా గ్లాసు పాడు చేసింది మా లక్కనేనా అని కొంచెం ఊరట. ఎంత చేసినా ఆ సున్నా మాత్రం పూర్తిగా పోలేదు. ఎదురుగా నిలబడితే కనబడదు. పక్క నుంచి, వెలుతురు ఏటవాలుగా పడితే, నీళ్ళలో చంద్రుడిలా లీలగా తేలుతుంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన వెళ్ళబోతూ ఆగి, "రెండు నెలలుగా దీన్ని వాడుతున్నావు. ఎప్పుడైనా చూశావా?" అన్నాడు. చూడకపోవడమేమిటని నేననే లోపే కింది సొరుగు పట్టుకుని పూర్తిగా బయటికి లాగాడు. ఆవకాయ సీసా కనబడింది. దాని వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా తీసి కిటికీ గట్టు మీద పెట్టి, సొరుగుని మంచం మీద బోర్లించాడు.

"అరచెయ్యి పెట్టు" అన్నాడు.

పెట్టాను. ముందు వైపు అద్దంలా ఉండే ఆ సొరుగు, అడుగున గరుకుగా, అలలు అలలుగా ఉంది. భీమిలిలో ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి పోయాక తడి ఇసుకలో ఉండే మెట్టలు ఉంటాయి చూడండి, అలా. చేత్తో చిత్రిక పట్టిన గుర్తులట అవి. రంపపు గీతలు కూడా నిలువుగా ఉన్నాయి. గుండ్రటి మిషన్ రంపం కోతైతే విల్లులా వంగిన గీతలు పడతాయి, అవి కనిపిస్తే తర్వాతి కాలం సరుకు అన్నమాట. ఎవరికీ కనబడని చోట వడ్రంగి నునుపు చేయడు, టైము దండగ. అందుకే ఏ సామానైనా వెనక నుంచీ కింద నుంచీ చదవాలన్నది ఆయన పద్ధతి. ముందు వైపు కొనేవాడి కోసం ముస్తాబు చేసింది, దాన్ని నమ్మకూడదట.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక సొరుగు చొప్పున చదివించాడు.

సొరుగు మూలల్లో పావురం తోకలా విచ్చుకున్న అతుకులు, రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి జొనిపినట్టు. మేకు అక్కర్లేదు. లోపలి పక్కలు ఓక్ చెక్క, ముందు పలక మాత్రమే మహాగని. వీపు చూస్తే చవకరకం పైన్ చెక్క పలకలు. ఖరీదైన చెక్క కనబడే చోటే వాడారు. ఒక సొరుగుకీ ఇంకోదానికీ మధ్య పల్చటి పలక ఉంటుంది. దుమ్ము దిగకుండా, పై సొరుగు లాగేసి కింది సొరుగులో చెయ్యి పెట్టే పనివాళ్ళకి అందకుండా! సొరుగుల అంచు చుట్టూ వరిగడ్డి మందాన ఉబ్బెత్తు బద్దీ. 1730ల నుంచి ఇంగ్లండు పనిలో కనబడుతుందట ఇది. తీసి మూసేటప్పుడు పై చెక్క పెచ్చులూడకుండా కాపాడేది అదే. సొరుగు బిగిసిపోతే నూనె పోయకూడదు, కొవ్వొత్తి రుద్దాలి. ఆ చిట్కా ఇప్పటికీ మా ఇంట్లో వాడతాను.

నాకు అన్నిటికంటే నచ్చింది పైపలక కింద దాక్కున్న ఇంకో పలక. రెండు చిన్న పిడులు పట్టుకుని లాగితే బల్లలా బయటికొస్తుంది. దొరవారి కోట్లు పరిచి బ్రష్ కొట్టడానికట. నేను దాని మీద లాప్‌టాప్ పెట్టుకున్నాను. అప్పుడప్పుడు పెరుగన్నం కూడా తిన్నాను. ఈసారి కింద పేపరు వేసుకునే.

ఒకరోజు ఆయనకి మా అమ్మమ్మ భోషాణం గురించి చెప్పాను. భీమిలి దగ్గర పల్లెటూళ్ళో, నడవాలో ఉండేది. టేకు చెక్క, ఇత్తడి బద్దీలు, పైకి లేచే మూత. మధ్యాహ్నం మూత మీదే తాతయ్య నిద్ర. అట్టడుగున ఉన్న పట్టుచీర కావాలంటే ముందు తాతయ్యని లేపాలి, తర్వాత పైనున్న రగ్గులూ, ఇత్తడి చెంబులూ, పెళ్ళి ఫోటోలూ అన్నీ బయటికి తీయాలి. "ఏట్రా, ఇదంతా మళ్ళీ ఎవలు సద్దుతారు?" అని అమ్మమ్మ అరుపు.

పెద్దాయన నవ్వి, ఇంగ్లండులోనూ మొదట అదే ఉండేదన్నాడు. మూత పెట్టె. వాళ్ళకీ అదే బాధ. అందుకని పెట్టె అడుగున ఒక సొరుగు చేర్చారు. పైన మూత, కింద సొరుగు ఉన్న ఆ సంకర జాతి పెట్టెని పాత సామాను కొనేవాళ్ళు మ్యూల్ చెస్ట్ అంటారు. అంటే కంచరగాడిద, గుర్రమూ కాదు గాడిదా కాదు. సొరుగులు ఒకటి రెండై, రెండు మూడై, 17వ శతాబ్దం చివరికి మూత పూర్తిగా పోయి సొరుగులే మిగిలాయి. అంటే నా గదిలో ఉన్నది మా అమ్మమ్మ భోషాణానికి దూరపు చుట్టం. అక్కడ మాత్రం ఎవరినీ నిద్ర లేపక్కర్లేదు.

చెక్క సంగతికొద్దాం. ఇంగ్లండులో మహాగని పెరగదు. 18వ శతాబ్దం మొదట్లో వాళ్ళకి గొప్ప సామానంటే వాల్‌నట్. 1720లో ఫ్రాన్స్ వాల్‌నట్ ఎగుమతి ఆపేసింది. 1721లో ఇంగ్లండు పార్లమెంటు అమెరికా, వెస్టిండీస్ వలసల నుంచి వచ్చే కలప మీద సుంకం ఎత్తేసింది. జమైకా నుంచి మహాగని ఓడలకెత్తుకుని దిగడం మొదలైంది. వెడల్పు పలకలొస్తాయి, వంకర పోదు, పురుగు పట్టదు, ఉలి పెడితే వెన్నలా చెక్కించుకుంటుంది. వడ్రంగికి ఇంకేం కావాలి.

ఆ చెట్లు కొట్టిందెవరో మాత్రం పెద్దాయన దగ్గర కాదు, నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. జమైకాలో తీరానికి దగ్గరగా ఉన్న పెద్ద చెట్లు తరిగిపోతుంటే హోండురాస్ తీరం మీద పడ్డారు. అక్కడి అడవిలో మహాగని గుంపుగా ఉండదు, ఇక్కడొకటి అక్కడొకటి. అందుకని బానిసల్లో చూపున్నవాణ్ణి ఒకణ్ణి ఎత్తైన చెట్టెక్కించేవాళ్ళు. ఆగస్టులో మహాగని ఆకు రంగు మారుతుంది. పైనుంచి ఆ రంగు చూసి, దిక్కు గుర్తుపెట్టుకుని దిగొచ్చి, దారి లేని అడవిలో తిన్నగా ఆ చెట్టు దగ్గరికి తీసికెళ్ళేవాడట. ఆ ముందు పలక మీద మంటలు లేచినట్టుండే నగిషీని చూసి నేను ఎన్నిసార్లు మురిసిపోయానో. కొమ్మ చీలే చోట కోస్తే అలా వస్తుంది. ఇది చదివాక ఆ మురిపెంలో ఏదో ముల్లు దిగబడింది.

ఇక రూపం. ఓట్లీలో ఉండి చిప్పెన్‌డేల్ పేరు వినకుండా తప్పించుకోలేం. థామస్ చిప్పెన్‌డేల్ 1718లో ఆ ఊళ్ళోనే పుట్టాడు, వడ్రంగి కొడుకు. విగ్రహం కూడా ఉంది. రోజూ దాని ముందు నుంచే నా బస్సు. లండన్ వెళ్ళి, సెయింట్ మార్టిన్స్ లేన్‌లో దుకాణం పెట్టి, 1754లో సామాన్ల నమూనాలన్నీ బొమ్మలు వేసి పుస్తకంగా అచ్చేశాడు. గోతిక్, చైనీస్, మోడరన్ శైలులని పుస్తకం మొదటి పేజీలోనే చెప్పుకున్నాడు. మోడరన్ అంటే ఆ రోజుల్లో ఫ్రెంచి వంపులు. ఆ పుస్తకం పట్టుకుని ఊరూరా వడ్రంగులు తమకి చేతనైనట్టు చేసుకుపోయారు. మన దగ్గర పెళ్ళి నగలకి కేటలాగు చూపించి ఇలాంటిదే చెయ్యమంటాం చూడండి, అలాగ.

మా పెట్టె చిప్పెన్‌డేల్ చేసింది కాదు. పెద్దాయన మొదటి రోజే నా ఆశ తుంచేశాడు. "పుస్తకాన్ని దూరం నుంచి చూసినవాడెవడో చేశాడు" అన్నాడు. ముందు రెండు మూలలూ ఏటవాలుగా చెక్కి, వాటి మీద జాలీ పని చేశారు. తీరా చూస్తే చిల్లులుండవు, జాలీలా కనబడే చెక్కుడు మాత్రమే. అది చైనా మోజు. నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో దాని దుమ్ము దులపడం నా డ్యూటీ. ఎడమ మూలలో గళ్ళు పొందికగా ఉంటాయి. కుడి మూలకొచ్చేసరికి కింద చోటు చాలక చివరి గడి ఇరుకైపోయింది. లెక్క తప్పాడు పాపం. ఆ ఇరుకు గడి మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

ఆ రోజుల్లో చైనా సరుకంటే ఇంగ్లండుకి పిచ్చి. చైనాలో తయారైన లక్క తెరలకి కోరమాండల్ అని పేరు పెట్టుకున్నారు, మన కోస్తా పేరు! అక్కడ చేసినవి కావు, ఆ తీరపు రేవుల మీదుగా ఓడల్లో వచ్చాయని ఆ పేరు పడింది.

కాళ్ళు చూస్తే ఇంగ్లిషు ఎస్ అక్షరంలా మెలి తిరిగిన బ్రాకెట్ కాళ్ళు. పైన గుడి కప్పు అంచులాంటి చూరు, కింద పీఠం. సొరుగులు కిందికి వచ్చేకొద్దీ లోతెక్కువ. దుప్పట్ల కోసం అలా చేశారనుకున్నాను. అదీ నిజమే, కానీ కంటికి బరువు కింద ఉండాలన్న లెక్క కూడా ఉంది. చిప్పెన్‌డేల్ తన పుస్తకాన్ని గ్రీకు, రోమన్ స్తంభాల కొలతలతోనే మొదలుపెట్టాడు. సామాను చేసేవాడికి ముందు కట్టడం తెలియాలన్నది అతని పట్టు. అంటే ఇది నడుమెత్తు గుడి. లోపల దేవుడికి బదులు నా మేజోళ్ళు.

2004 వేసవిలో పెద్దాయన నన్ను హేర్‌వుడ్ హౌస్ అనే పాత జమీందారీ భవంతికి తీసికెళ్ళాడు, ఓట్లీకి దగ్గరే. అక్కడ అసలు చిప్పెన్‌డేల్ ఉంది. 1773లో చేసిన డయానా, మినర్వా కమోడ్. కమోడ్ అనగానే నాకు నవ్వాగలేదు. ఆయనకి ఎందుకో అర్థం కాలేదు, నేను చెప్పలేకపోయాను. ఫ్రెంచిలో ఆ మాటకి సౌకర్యమైనది అని అర్థం, గొప్పింటి సొరుగుల బీరువా. అప్పట్లోనే 86 పౌండ్ల బిల్లు. మా పెట్టెలోని మొరటు జాలీ, వంపు కాళ్ళూ ఏమీ లేవు. లేత పసుపు చెక్క, రోమన్ దేవతలు, పూలదండలు. ఇరవై ఏళ్ళలో ఫ్యాషన్ ఫ్రాన్స్, చైనాల నుంచి రోముకి మారిపోయింది. ఇటలీలో హెర్క్యులేనియం, పాంపే తవ్వకాలు, వాటి వెంబడే రాబర్ట్ ఆడమ్ లాంటి ఆర్కిటెక్టుల ప్రభావం. హేర్‌వుడ్ లోపలి అలంకారం ఆడమ్‌దే. ఆ ఇల్లు కట్టిన లాసెల్స్ కుటుంబం డబ్బు వెస్టిండీస్ చక్కెరది, బానిసలది. చెక్కా అక్కడిదే, డబ్బూ అక్కడిదే. పెద్దాయన ఆ గదిలో పది నిమిషాలు నిలబడి, చివరికి "వెనక్కి వెళ్ళి చూడనివ్వరు కదా" అన్నాడు దిగులుగా.

మా పెట్టెలో ఒక చిక్కుముడి చాలాకాలం మిగిలిపోయింది. పిడులు ఇత్తడివి, హంస మెడలా వంగినవి. పిడికి రెండు చీలలు. కానీ సొరుగు లోపల చెయ్యి పెట్టి తడిమితే, ఆ రెండిటికీ నడుమ బొటనవేలు పట్టేంత బిరడా ఒకటి తగులుతుంది. విక్టోరియా రాణి కాలంలో ఎవరో ఇత్తడి పీకేసి నడిమధ్యన గుండ్రటి కొయ్య గుబ్బలు బిగించారు, అది అప్పటి ఫ్యాషన్. మళ్ళీ 20వ శతాబ్దంలో పాతదే గొప్పన్న మోజు వచ్చి, గుబ్బలు పీకి, రంధ్రాలు పూడ్చి, పాత నమూనాలో కొత్త ఇత్తడి పెట్టించారు. ముందు వైపు అతుకు తెలీకుండా మహాగని బిళ్ళ వేసి రంగు కలిపేశారు. లోపల మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. చెయ్యి పెడితే నిజం బయటపడింది.

2005లో లండన్ వెళ్ళినప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో తిరుగుతూ ఒక అద్దాల పెట్టె ముందు ఆగిపోయాను. ఇంగ్లిషు ఆకారంలో సొరుగుల సామాను, చెక్కలో తెల్లటి దంతం పొదిగి, ఆ దంతం మీద సన్నటి గీతలు చెక్కి నల్లటి లక్క నింపి, అద్దకం చీర అంచులాంటి లతలు. కింద చీటీ మీద విజాగపటం అని ఉంది. మా ఊరు! 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఇంగ్లండు నమూనాలు చూపిస్తే మా విశాఖ పనివాళ్ళు ఇవి చేసేవారట. ఊళ్ళో పుట్టి పెరిగి, బీచ్ రోడ్డు మీద వేరుశనక్కాయలు తిన్నానే గానీ ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. బళ్ళోనూ చెప్పలేదు. ఓట్లీ తిరిగొచ్చి పెద్దాయనకి ఫోటో పోస్టుకార్డు ఇస్తే, భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, "అతుకులు చూపించలేదు" అన్నాడు. ఆయన మెప్పు అంతకు మించదు.

2006 మార్చిలో కాంట్రాక్టు ముగిసింది. గది ఖాళీ చేస్తూ అడుగు సొరుగులో పరిచిన కాగితం తీయబోయాను. ఆవకాయ సీసాకి చుట్టి ఇంటి నుంచి వచ్చిన తెలుగు పేపరు ఆదివారం పుస్తకం అది. నూనె మరకలు, నాన్న సగం నింపి వదిలేసిన గళ్ళ నుడికట్టు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. పై సొరుగులో నీలం పూల కాగితం ఉంది, అది భార్య వాళ్ళ అమ్మమ్మ అతికించింది. "దాన్ని నేను తీయలేదు. దీన్నెందుకు తీయాలి? ఉండనీ" అన్నాడు.

ఏటా క్రిస్మస్‌కి కార్డు వచ్చేది. 2014లో కార్డుకి బదులు ఆయన మేనకోడలి నుంచి మెయిలు వచ్చింది. ఇల్లు అమ్మేస్తున్నారు, సామాను వేలానికి వెళ్ళింది, నువ్వు ఆ గదిలో ఉన్నవాడివి కాబట్టి చూస్తావేమోనని లింకు పంపుతున్నాను అని. అప్పటికే ఆ రకం ముదురు చెక్క సామానంటే జనానికి మోజు పోయింది. పలికిన ధర ఒక కొత్త ఐఫోనుకి తక్కువే. హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటుకి దాన్ని తెప్పించుకునే ఖర్చు లెక్కేసి నేనూ ఊరుకున్నవాణ్ణే, ఎవరినీ అనడానికి లేదు.

వివరాలు రెండు మూడు లైన్లే రాశారు. మహాగని సొరుగుల పెట్టె, ఇంగ్లిష్, 1770 ప్రాంతం. పిడులు తర్వాత మార్చినవి. కాళ్ళకి కొంత మరమ్మతు. పైన చిన్న గుండ్రటి మరక.

అడుగు సొరుగులో కాగితం గురించి ఏమీ రాయలేదు.